చదువు బయట... మరి మీరు ఎక్కడి ‘లోకల్’?

మేడ్చల్‌లో పుట్టారు. ఏడో తరగతి దాకా అక్కడే చదివారు. ఇంటర్‌కి విజయవాడ పంపించారు, బీటెక్ చెన్నైలో అయింది. ఇప్పుడు ఇంటికొచ్చి గ్రూప్స్ రాద్దామని కూర్చుంటే, దరఖాస్తులో ‘లోకల్ డిస్ట్రిక్ట్’ అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఆరేళ్లు రాష్ట్రం బయటే ఉన్నారు కదా, మరి మీరు లోకలా, నాన్‌లోకలా?

లోకలే. అనుమానం అక్కర్లేదు. ఆ ఆరేళ్లను ఈ గడి లెక్కలోకే తీసుకోదు.

అయితే ఇదే విద్యార్థి విజయవాడలో ఇంటర్ అయ్యాక నీట్ రాసి తెలంగాణలో ఎంబీబీఎస్ సీటు అడిగితే జవాబు తిరగబడుతుంది. అక్కడ నాన్‌లోకల్. ఇల్లు అదే, ఆధార్ అదే, రేషన్ కార్డు అదే. అడిగే ఆఫీసు మారింది, దాంతో జవాబూ మారింది. మన దగ్గర స్థానికత తేల్చే కొలబద్దలు రెండు. ఒకటి ఉద్యోగాలకు, రెండోది సీట్లకు. ఈ రెండూ కలిపేసుకుని అనవసరంగా భయపడేవాళ్లు ఉన్నారు, అనవసరంగా ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ నష్టపోయేది రెండోవాళ్లు. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

ఉద్యోగానికి ఏడో తరగతే హద్దు

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతను తేల్చేది 2018 రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద అది వచ్చింది. దీని ప్రకారం మీరు 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే ప్రశ్న. ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు మీరు లోకల్. పుట్టిన ఊరు, నాన్నగారి సొంతూరు, ఇప్పుడు ఉంటున్న ఫ్లాట్... ఇవేవీ లెక్కకు రావు. గుంటూరు నుంచి వచ్చి కొంపల్లిలో స్థిరపడిన కుటుంబమైనా సరే, పిల్ల 1 నుంచి 7 దాకా మేడ్చల్ జిల్లాలో చదివితే ఆమె ఇక్కడ లోకలే. తాతల కాలం నుంచి శామీర్‌పేటలో పొలాలున్న ఇంటి అబ్బాయి అయినా సరే, ఆ ఏడేళ్లూ కర్నూలులో మేనమామ ఇంట్లో ఉండి చదివితే ఇక్కడ నాన్‌లోకల్.

అంతకుముందు 1975 నాటి ఉత్తర్వు వేరుగా ఉండేది. పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు చూసేవారు. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఏడు నుంచి పది దాకా ఎక్కడ చదివావు’ అని అడుగుతారు చూడండి, అది ఆ పాత లెక్క. తెలంగాణలో ఇప్పుడు అది చెల్లదు.

లోకల్ అయితే ఏమిటి లాభం? చాలా ఉంది. జిల్లా, జోన్, మల్టీజోన్ స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. పాత ఉత్తర్వులో జిల్లా పోస్టులకు 80, జోనల్ నాన్‌గెజిటెడ్ పోస్టులకు 70, కొన్ని గెజిటెడ్ పోస్టులకు 60 శాతంగా ఉండేది. ఇప్పుడు అన్నిటికీ ఒకటే 95. జిల్లాలో 20 పోస్టులు పడితే 19 లోకల్‌కి పోతాయి. మిగిలిన ఒక్కటీ నాన్‌లోకల్‌కి రిజర్వు చేసి పెట్టిందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. అది ఓపెన్. అందులో ఆ జిల్లావాళ్లూ పోటీ పడతారు, మిగతా 32 జిల్లాలవాళ్లూ పోటీ పడతారు, బయటి రాష్ట్రాలవాళ్లూ పడతారు. నాన్‌లోకల్‌గా రాయడమంటే ఎలా ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇక మేడ్చల్, శామీర్‌పేట వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. రాష్ట్రంలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఉన్నాయి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా చార్మినార్ జోన్‌లో ఉంది. హైదరాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి, వికారాబాద్ కూడా ఇందులోనివే. ఇది మల్టీజోన్-2. ఇప్పుడు మేడ్చల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి కాస్త వెళ్లండి, మనోహరాబాద్, తూప్రాన్ వస్తాయి. అది మెదక్ జిల్లా. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్లండి, తుర్కపల్లి దాటాక ములుగు మండలం వస్తుంది. అది సిద్దిపేట జిల్లా. మెదక్, సిద్దిపేట రెండూ రాజన్న జోన్‌లో ఉన్నాయి. అది మల్టీజోన్-1. అంటే ఈ రెండు రోడ్ల మీద బస్సులో కాసేపు ప్రయాణిస్తే జిల్లా ఒక్కటే మారదు. జోన్ మారుతుంది, మల్టీజోన్ కూడా మారుతుంది. రాష్ట్రంలో చాలాచోట్ల పక్క జిల్లాకు వెళ్తే జోన్ అయినా మిగులుతుంది, లేదా మల్టీజోన్ అయినా మిగులుతుంది. ఇక్కడ ఏదీ మిగలదు.

కాబట్టి హద్దు గ్రామాలవాళ్లు తాము చదివిన స్కూలు ఏ జిల్లాలో ఉందో ఒకసారి చూసుకోవాలి. మూడో తరగతి నుంచి తూప్రాన్‌లో ప్రైవేటు హాస్టల్లో ఉండి చదివినవాళ్లు, ఇల్లు మేడ్చల్ మండలంలోనే ఉన్నా, లెక్క ప్రకారం మెదక్ లోకల్. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ లాంటి జిల్లా పోస్టులకు మెదక్‌లోనే 95 శాతం కోటా దొరుకుతుంది. మల్టీజోనల్ పోస్టులు ఉండే గ్రూప్-1లోనూ మల్టీజోన్-1 కిందికే వస్తారు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌లోనూ ఖాళీలను మల్టీజోన్ల వారీగానే చూపించారు.

నవోదయకు వెళ్లినవాళ్లకు మాత్రం కంగారు అక్కర్లేదు. వర్గల్ నవోదయ సిద్దిపేట జిల్లాలో ఉంది. కానీ అక్కడ చేరేది ఆరో తరగతిలో. 1 నుంచి 5 దాకా మేడ్చల్‌లో చదివి 6, 7 వర్గల్‌లో చదివితే, ఏడేళ్లలో అయిదేళ్లు మేడ్చల్‌వే. లోకల్ ఇక్కడే. ఐదో తరగతిలో చేర్చుకునే గురుకులాలకు వెళ్లినా అంతే. 1 నుంచి 4 సొంత జిల్లాలో గడిస్తే నాలుగేళ్లు సరిపోయినట్టే. ఈ లెక్కలో ఒక మంచి గుణం ఉంది. పదేళ్లు దాటాక ఏ గురుకులానికి వెళ్లినా, ఏ రాష్ట్రంలో డిగ్రీ చేసినా స్థానికత చెక్కుచెదరదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివినా, మణిపాల్‌లో చదివినా, ఢిల్లీలో సివిల్స్ కోచింగ్‌కి మూడేళ్లు ఉన్నా... మీ జిల్లా మీకు అట్టే ఉంటుంది.

ఒక చిక్కు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న చాలామంది ఒకటో తరగతిలో చేరినప్పుడు ఇది రంగారెడ్డి జిల్లా. పాత స్టడీ సర్టిఫికెట్ల మీద అదే పేరు ఉంటుంది. దాన్ని చూసి దరఖాస్తులో రంగారెడ్డి అని కొట్టేస్తే పొరపాటే. ఉత్తర్వు ఇప్పటి జిల్లాల ప్రకారం నడుస్తుంది. స్కూలు ఉన్న చోటు నేడు ఏ జిల్లా కిందికి వస్తుందో అదే రాయాలి.

సీటుకు మాత్రం ఆఖరి నాలుగేళ్లు

ఇప్పుడు రెండో కొలబద్దకు వద్దాం. కాలేజీ సీట్లకు ఆధారం 1974 నాటి అడ్మిషన్ల ఉత్తర్వు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారని అది అడుగుతుంది. ఇంటర్ తర్వాతి కోర్సులకైతే 9, 10, ఇంటర్ రెండేళ్లు. అలా కుదరనివాళ్లకు ఏడేళ్ల లెక్క ఒకటుంది గానీ, ఆ ఏడేళ్లూ రాష్ట్రం లోపలే చదివి ఉండాలి. నివాసం చూపించి లోకల్ అనిపించుకునే దారి కూడా ఉంది. అది ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్ల కోసం పెట్టింది. బయటి రాష్ట్రంలో చదివినవాళ్లకు పనికిరాదు.

ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు అడ్మిషన్ల పద్ధతి పాతదే కొనసాగింది. పునర్విభజన చట్టం అలాగే చెప్పింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. తర్వాత నెల, జులై 19న, తెలంగాణ ప్రభుత్వం వైద్య విద్య నిబంధనలను సవరిస్తూ జీవో 33 తెచ్చింది. అంతకుముందు 6 నుంచి 12 వరకు ఏడేళ్లలో ఎక్కువకాలం తెలంగాణలో చదివితే చాలు. ఇంటర్ విజయవాడలో అయినా గట్టెక్కేవారు. కొత్త జీవోతో చివరి నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి, అర్హత పరీక్ష ఇక్కడే పాసవ్వాలని వచ్చింది. పదో తరగతి తర్వాత మంచి కాలేజీ అని కృష్ణా తీరానికో, కోటాకో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు గుండె గుభేల్‌మంది. పంపింది రెండేళ్ల కింద. నిబంధన వచ్చింది ఫలితాల తర్వాత.

హైకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరు 5న హైకోర్టు, తెలంగాణ శాశ్వత నివాసులకు ఈ నిబంధన వర్తించదని చెప్పింది. శాశ్వత నివాసి ఎవరో తేల్చే మార్గదర్శకాలు రాయమని ప్రభుత్వానికి సూచించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది హైకోర్టును ఆశ్రయించిన విద్యార్థులను మాత్రం ఒక్కసారికి చేర్చుకుంటామని అక్కడ ఒప్పుకుంది. చివరికి 2025 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్.గవాయ్, జస్టిస్ కె.వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును పక్కనపెట్టి నిబంధనను నిలబెట్టింది. ఇక ఆ తలుపు మూసుకున్నట్టే.

మూయడంలోనూ ఒక చిన్న కిటికీ వదిలారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, తెలంగాణ కేడర్ ఐఏఎస్, ఐపీఎస్ లాంటి అధికారులు, సైన్యం, పారామిలటరీ వాళ్లు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు... వీళ్లు బదిలీల మీద బయటికి వెళ్తే వాళ్ల పిల్లలకు మినహాయింపు ఇస్తామని ప్రభుత్వమే ప్రతిపాదించింది. కోర్టు అంగీకరించింది. న్యాయమైన మాటే. సిపాయి తన పోస్టింగ్ తను ఎంచుకోడు కదా.

మరి మేస్త్రీ ఎంచుకుంటాడా? పాలమూరు నుంచి పుణె, ముంబై వెళ్లే కూలీలు, సిరిసిల్ల నుంచి భివండీ, సూరత్ మగ్గాలకు వెళ్లిన చేనేత కుటుంబాలు, మస్కట్, దుబాయ్‌లలో సంసారాలు పెట్టుకున్నవాళ్లు... ఇష్టంగా వెళ్లారా? వాళ్ల పిల్లలు తొమ్మిది, పది భివండీ తెలుగు మీడియంలో చదివినా ఇక్కడి మెడికల్ సీట్లలో నాన్‌లోకలే. ఉద్యోగాల దగ్గర వాళ్ల పరిస్థితి ఇంకా గట్టి. 1 నుంచి 7 అక్కడే చదివితే తెలంగాణలో ఏ జిల్లాకూ లోకల్ కారు. రాష్ట్రం మొత్తమ్మీద ఎక్కడ రాసినా ఓపెన్‌లో మిగిలిన ఆ 5 శాతమే గతి. మహారాష్ట్రలో వాళ్లని తెలుగువాళ్లంటారు, ఇక్కడ నాన్‌లోకల్ అంటారు. విజయవాడ కార్పొరేట్ కాలేజీకి ఫీజు కట్టి పంపినవాళ్ల గోడు కోర్టు దాకా వెళ్లింది. వలస కూలీ కొడుకు గోడు అంతదూరం వెళ్లదు. నా మట్టుకు నాకు ఈ నిబంధనలో సరిదిద్దాల్సింది ఏదైనా ఉందంటే మొదట ఇదే. బదిలీకి ఇచ్చిన మినహాయింపు వలసకు ఎందుకు ఇవ్వరాదో ఎవరైనా చెప్పాలి.

ఇంజినీరింగ్‌లో కాస్త ఊపిరి ఉంది. కన్వీనర్ కోటాలో 85 శాతం స్థానికులకు, 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. ఈ 15కి ఎవరెవరు అర్హులో 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం కొత్తగా తేల్చింది. బయట చదివిన కాలాన్ని తీసేసి మొత్తం పదేళ్లు తెలంగాణలో ఉన్నవాళ్లు ఇందులో పోటీ పడొచ్చు. తల్లి లేదా తండ్రి, బయట ఉద్యోగం చేసిన కాలం పోను, పదేళ్లు ఇక్కడ ఉన్నా పిల్లలకు అర్హత వస్తుంది. ఇక్కడ పనిచేసే ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలూ వస్తారు. ఇంటర్ కోటాలో చదివి వచ్చిన తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ సంగతి చెప్పండి. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రానికి విలువ ఉండేది ఇక్కడే.

పీజీ దగ్గర కథ మళ్లీ తిరుగుతుంది. పీజీకి అర్హత పరీక్ష డిగ్రీ. దాంతో ముగిసే వరుస నాలుగేళ్లు లెక్క. కండ్లకోయ, మైసమ్మగూడ ఇంజినీరింగ్ కాలేజీల్లో బిహార్ నుంచో యూపీ నుంచో వచ్చి నాలుగేళ్లు బీటెక్ చేసిన కుర్రాడు, ఉత్తర్వు పాఠం ప్రకారం, ఎంటెక్ సీటుకు ఇక్కడ లోకల్ అవుతాడు. అదే సమయంలో చెన్నైలో బీటెక్ చేసి వచ్చిన మేడ్చల్ అమ్మాయి కాదు. వింతగా ఉన్నా లెక్క అంతే. అదే బిహార్ కుర్రాడు గ్రూప్-4 రాస్తే మాత్రం నాన్‌లోకల్, మేడ్చల్ అమ్మాయి లోకల్. మెడికల్ పీజీ వేరు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు చండీగఢ్ కేసులో, పీజీ మెడికల్ రాష్ట్ర కోటా సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని తేల్చింది. దేశంలో అందరికీ ఒకటే డొమిసైల్, అది భారతదేశం అన్నది ఆ తీర్పు సారం.

శామీర్‌పేట వైపు ఉన్న పెద్ద సంస్థల్లోనూ ఈ తేడాలు కనిపిస్తాయి. జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌కి లోకల్ అన్న మాటే లేదు. బిట్‌శాట్ మార్కులే. 1998లో రాష్ట్ర చట్టంతో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో క్లాట్ ర్యాంకుతో పాటు తెలంగాణ అభ్యర్థులకు వాటా ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకు?

లోకల్, నాన్‌లోకల్ గొడవ నిన్నమొన్నటిది కాదు. నిజాం కాలంలో ముల్కీ నిబంధనలు ఉండేవి. హైదరాబాద్ సంస్థానంలో కొలువు కావాలంటే పదిహేనేళ్ల నివాసం చూపాలి. 1952లో నకిలీ ముల్కీ సర్టిఫికెట్ల మీద రగిలిన విద్యార్థి ఉద్యమం, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించాక కోస్తాలో జై ఆంధ్ర... ఇవన్నీ పోటీ పరీక్షల్లో మీరు బిట్లుగా చదివినవే. 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371డి వచ్చాయి. రాజ్యాంగం 16వ అధికరణం నివాసాన్ని బట్టి ఉద్యోగాల్లో వివక్ష కూడదంటుంది. మనకు ఆ కట్టు సడలించింది 371డి. అందుకే పక్క రాష్ట్రాల్లో కోర్టుల్లో నిలవని లోకల్ కోటాలు మన దగ్గర నిలుస్తున్నాయి.

ముల్కీ రోజుల్లో నివాస పత్రం కొనుక్కునేవారన్న ఆరోపణ ఉండేది. చదివిన స్కూలును ఆధారం చేసుకోవడం వెనక ఆ అనుభవం ఉంది. రిజిస్టర్‌లో పేరు ఏడేళ్ల ముందే ఎక్కి ఉంటుంది, ఉద్యోగం పడ్డాక పుట్టించడం కష్టం. ఆ మాటలో బలం ఉంది. కాకపోతే ఏడేళ్ల పిల్లాడు ఏ ఊళ్లో చదవాలో నిర్ణయించేది పిల్లాడు కాడు.

కేంద్రం, ప్రైవేటు దగ్గర

కేంద్ర ఉద్యోగాల్లో 371డి ఉండదు. యూపీఎస్సీ, ఎస్ఎస్‌సీ సీజీఎల్ లాంటి పరీక్షలకు ఎక్కడ చదివినా ఒకటే. కానీ ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ ఖాళీలు రాష్ట్రాల వారీగా ఉంటాయి, దరఖాస్తులో చెప్పిన రాష్ట్రానికి డొమిసైల్ సర్టిఫికెట్ చూపించాలి. చెన్నై హాస్టల్లో కూర్చుని అప్లై చేస్తూ తమిళనాడు అని కొడితే తర్వాత పత్రం దగ్గర ఇరుక్కుంటారు. అగ్నివీర్ ర్యాలీలకూ సొంత జిల్లానే. బ్యాంకు క్లర్కు పోస్టులకు నివాసం అడగరు, ఆ రాష్ట్ర భాష వచ్చా అని అడుగుతారు. గ్రామీణ డాక్ సేవక్‌కు పదో తరగతి దాకా స్థానిక భాష చదివి ఉండాలి. అంటే కర్ణాటకలో తెలుగు లేకుండా చదివినవాళ్లు ఇక్కడి పోస్టాఫీసు కొలువు మీద ఆశ పెట్టుకోకూడదు.

ప్రైవేటులో, శామీర్‌పేట తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ కంపెనీలు గానీ, మేడ్చల్ పారిశ్రామికవాడ గానీ మీ ఏడో తరగతి అడగవు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకంటూ చట్టం చేసింది. హరియాణా అలాంటిదే చేస్తే 2023 నవంబరులో పంజాబ్-హరియాణా హైకోర్టు కొట్టేసింది. 2024లో కర్ణాటక బిల్లు తెచ్చి, పరిశ్రమల గోలతో పక్కన పెట్టింది. బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు దాని మీద ఓ కన్నేసి ఉంచండి.

కుల ధ్రువపత్రం కూడా రాష్ట్రంతో ముడిపడిందే. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయిన కుటుంబం మరో రాష్ట్రానికి వెళ్తే అక్కడ ఆ హోదా దానంతటదే రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చదువు కోసం వెళ్లారని మీ సర్టిఫికెట్ సొంత రాష్ట్రంలో పోదు, వెళ్లినచోట పనిచేయకపోవచ్చు. రెండూ గుర్తుంచుకోవాలి.

ఓటు, లైసెన్సు

ఇవి తేలిక. ఓటుకు చట్టం అడిగేది ‘సాధారణ నివాసం’. హాస్టల్లో ఉండే విద్యార్థి తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా, హాస్టల్ చిరునామా మీదైనా ఓటు నమోదు చేసుకోవచ్చు. రెండుచోట్లా ఉంచుకోవడం మాత్రం నేరం. కొంతకాలం ఊళ్లో లేనంత మాత్రాన సొంతూరి ఓటు పోదని కూడా చట్టంలోనే ఉంది. హాస్టల్ దగ్గర ఓటు వేసుకుంటే ఉద్యోగ స్థానికత పోతుందేమోనని భయపడేవాళ్లు ఉంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీరు నివసించే రాష్ట్రంలో ఏ రవాణా కార్యాలయంలోనైనా తీసుకోవచ్చు, అది దేశమంతా చెల్లుతుంది. పాస్‌పోర్టుకు కాలేజీ ఇచ్చే బోనఫైడ్‌తో హాస్టల్ చిరునామా పెట్టొచ్చు.

అమెరికా వెళ్లినా ఈ తగవు తప్పదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ రాష్ట్ర నివాసులకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు బాగా ఎక్కువ. చదువు కోసమే వచ్చి ఉన్న కాలాన్ని నివాసంగా లెక్కించడానికి చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. తుపాకీ లైసెన్సు ఇంటి దగ్గర తీసుకోవాలా, కాలేజీ ఉన్న రాష్ట్రంలోనా అని కూడా అక్కడి పిల్లలు తలపట్టుకుంటారట. మన తలనొప్పే నయం.

ఇప్పుడే చేయాల్సిన పని

నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తకండి. 1 నుంచి 7వ తరగతి దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ ఉందా లేదా ఈ సెలవుల్లోనే చూసుకోండి. హెడ్మాస్టర్ సంతకం, ముద్ర, అడ్మిషన్ నంబరు ఉండాలి. రెండు మూడు స్కూళ్లు మారినవాళ్లు మధ్యలో ఏడాది ఖాళీ పడకుండా చూసుకోవాలి. ఒక స్కూలు 2012 జూన్ దాకా అని రాస్తే తర్వాతది 2012-13 నుంచి మొదలవ్వాలి.

మేడ్చల్, కొంపల్లి, జీడిమెట్ల వైపు చిన్న చిన్న ప్రైవేటు బడులు కొన్ని పెట్టిన నాలుగైదేళ్లకే మూతపడ్డాయి. అందులో చదివినవాళ్లు మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డుల కోసం అడగాలి. అక్కడ దొరక్కపోతే అంతాయిపల్లి కలెక్టరేట్‌లో జిల్లా విద్యాధికారిని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు రసీదు తీసుకోండి. అసలు బడికే వెళ్లనివాళ్లు, ఓపెన్ స్కూల్లో చదివినవాళ్లకైతే తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం పనికొస్తుంది. రెగ్యులర్‌గా బడికి వెళ్లినవాళ్లకు అది స్టడీ సర్టిఫికెట్ బదులు చెల్లదు. ఈ తేడా తెలియక సర్టిఫికెట్ల పరిశీలన రోజున నివాస పత్రం ఒక్కటే పట్టుకుని వెళ్తే ఎంపిక చేతిదాకా వచ్చి పోతుంది.

బయటి రాష్ట్రంలో ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఈ పని అమ్మానాన్నలకు అప్పగిస్తే సర్టిఫికెట్ వచ్చాక ఫొటో తెప్పించుకుని పేరు స్పెల్లింగ్ చూడండి. పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందో వెనకో కూడా అలాగే ఉండాలి. తేడా ఉంటే ఆ హెడ్మాస్టర్ బదిలీ కాకముందే దిద్దించుకోండి.